లింబాయత్ : రైలుమార్గమున కావలి సూరతు

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి; జహంగీరు అనుమతితో 1613లో సూరతున స్థిరపడిరి. ఆ లెక్కను మన రేవే రెండేండ్లు పెద్ద. అయినను తెలుగువారికి సూరతుతో గాఢమైన సంబంధము కలిగించినది ఓడరేవు కాదు, మరమగ్గము. ఆ సంబంధమునకు ముఖ్యమైన నెలవు లింబాయత్.

పాత సూరతు తపతీ తీరమున, కోట నానుకొని పెరిగిన పట్టణము. 1664లో శివాజీ దండయాత్ర జరిగిన పిమ్మట దానికి ప్రాకారము కట్టిరి. పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున వెలుపలి ప్రాకారము లేచెను. 1852లో ఏర్పడిన పురపాలక సంఘమునకు ఈ పాత పట్టణమే చాలకాలము లోకము. 1963 నాటికిని నగర వైశాల్యము ఎనిమిది చదరపు కిలోమీటర్లకు కొంచెమే మించి యుండెను. 1966లో అది కార్పొరేషను అయినది. 1994 నాటికి వైశాల్యము సుమారు 112 చదరపు కిలోమీటర్లు. ఇంత త్వరగా పెరిగిన యొడలికి చొక్కా కుట్టుట సులభము కాదు.

లింబాయత్ రైలుమార్గమునకు తూర్పున నున్నది. మరమగ్గములు, అద్దకపు మిల్లులు పెరిగిన కొలది ఓరుగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు ఇచటికి వలస వచ్చిరి. ఖాందేశపు మరాఠీలు, ఉర్దూ మాటలాడువారు వారికి ఇరుగుపొరుగులైరి. ఇండ్లు ముందు లేచెను. మురుగుకాలువలు, కుళాయిలు పిదప వచ్చెను. పేటను తాకుచు మీఠీ ఖాడీ అను వాగు పారుచున్నది. పేరునకు తీపియే గాని, వానలు ముదిరినప్పుడు తపతి శాంతముగా నున్నను ఈ వాగు పొంగి వీథులలోనికి వచ్చును. అందుచేత సూరతువారు నది వరద, ఖాడీ వరద అని రెండు వరదలను వేరువేరుగా చెప్పుకొందురు. రైలుకట్ట క్రింది దారి నీట మునిగిననాడు నగరమునకు, పేటకు నడుమ దూరము ఒక్కసారిగా పెరుగును.

1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు సోకినది. లక్షలాది జనులు నగరమును విడిచి పోయిరి. వ్యాధికి కేంద్రము ఉత్తరమున వేద్ రోడ్డు ప్రాంతమేయైనను, చెత్త, మురుగు పేరుకొనుట శ్రామికవాడలన్నిటికిని సమానమే. 1995లో కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు (ఇంటిపేరు వినినంతనే తెలుగువారు పోల్చుకొందురు) చీపుళ్లతో పాటు అధికారమునుగూడ పంచిరి. నగరమును ఆరు మండలములు చేసి, ఒక్కొక్కదానికి ఒక కమిషనరును నియమించి, ఖర్చుపెట్టు అధికారమును కూడ వారికే యిచ్చిరి. అధికారులు ఉదయమున కార్యాలయమున గాక వీథులలో కనబడవలెనను నియమము పెట్టిరి. కాగితము ప్రయాణము ఎంతకాలము పట్టునో ఎరిగిన ఉద్యోగులకు ఈ మార్పు విలువ వేరుగ చెప్పనక్కరలేదు. లింబాయత్ కేంద్రముగ గలది ఆగ్నేయ మండలము. ముఖ్య కార్యాలయమునకు పోవలసిన ఫిర్యాదు పేటలోనే తీరు మార్గము అట్లు ఏర్పడినది. రెండేండ్లలోనే సూరతునకు దేశమందలి పరిశుభ్ర నగరములలో నొకటియను పేరు వచ్చెను.

పిమ్మట 2006లో నగరపు హద్దు సుమారు 326 చదరపు కిలోమీటర్లకు విస్తరించినది. మండలముల సంఖ్యయు పెరిగినది. 2008 నాటి పునర్విభజనలో లింబాయత్ పేరున శాసనసభా నియోజకవర్గము ఏర్పడి, 2012లో తొలిసారి ఎన్నిక జరిగినది. కార్పొరేషను ప్రాథమిక పాఠశాలలు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఆంగ్లము, ఒడియాలతో పాటు తెలుగులోను బోధన జరుపుచున్నవి. మగ్గము మీద పగలు రాత్రి పాళ్లు మార్చుకొను తండ్రుల బిడ్డలు అచట ఓనమాలు దిద్దుచున్నారు.