డ్రిల్ పీరియడ్లు పెంచితే చాలా?

బడిలో వ్యాయామ పీరియడ్లు పెంచితే పిల్లలు గట్టిపడతారంటే కాదనేవాళ్ళు ఉండరు. ఆ మాటను పరీక్షకు పెట్టిన చోట్ల మాత్రం ఫలితాలు ఒక్కతీరుగా రాలేదు.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 2007 నుంచి 2011 దాకా, పేద పిల్లలు ఎక్కువగా చదివే బడులకు దాదాపు 3.7 కోట్ల డాలర్లిచ్చి 6–8 తరగతులకు రోజూ వ్యాయామం పెట్టించింది. నిధుల అర్హత గీతకు కాస్త అటూ ఇటూ ఉన్న బడులను పోల్చి చూసిన ఆర్థికవేత్తలకు సగటు దారుఢ్యం పెరిగిన ఆధారం దొరకలేదు. పైగా హాజరు కొంత తగ్గింది, క్రమశిక్షణ ఫిర్యాదులు పెరిగాయి. లావుగా ఉన్న పిల్లలను తోటివాళ్ళు ఏడిపించడం కారణం కావచ్చు గానీ, అది ఊహే.

స్విట్జర్లాండ్‌లో ఒకటి, ఐదు తరగతుల పిల్లలపై జరిగిన ప్రయోగం వేరే కథ చెబుతుంది. ఏ తరగతికి అదనపు వ్యాయామం ఇవ్వాలో లాటరీతో తేల్చారు. వారానికి ఉన్న మూడు పీరియడ్లకు మరో రెండు కలిపారు. పాఠాల మధ్య కదలికల విరామాలు, ఇంటికి వ్యాయామం హోంవర్క్ కూడా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఒంట్లో కొవ్వు తగ్గింది, ఏరోబిక్ సామర్థ్యం పెరిగింది. మూడేళ్ళ తర్వాత చూస్తే సామర్థ్యంలో లాభం నిలిచింది. కొవ్వులో తేడా నిలవలేదు. అన్నీ కలిపి ఇచ్చారు కాబట్టి పీరియడ్ల వాటా ఎంతో విడదీయలేం.

డెన్మార్క్‌లోని స్వెన్‌బోర్గ్ బడుల్లో 2008 నుంచి వారానికి రెండు పీరియడ్లు ఆరయ్యాయి. గుండెజబ్బు ముప్పు సూచికలు మెరుగుపడ్డాయి. అయితే అక్కడ లాటరీ లేదు. ముందుకొచ్చిన బడులే చేరాయి. ఆ తేడాను మరవకూడదు.

89 అధ్యయనాలను కలిపి చూసిన 2021 నాటి కాక్రేన్ సమీక్ష ఇంకా జాగ్రత్తగా మాట్లాడింది. బడి కార్యక్రమాల వల్ల దారుఢ్యం కాస్త మెరుగుపడవచ్చట. కానీ ఒళ్ళు అలిసేలా కదిలే సమయం రోజుకు సగటున నిమిషం కూడా పెరగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరేది సగటున రోజుకు 60 నిమిషాలు!

ఈ ఫలితాలను మన బడులకు నేరుగా అన్వయించలేం. పదో తరగతి పరీక్షలు దగ్గరపడగానే గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసుకోవడం మనకు తెలిసిందే. పీరియడ్ జరిగినా, యాభైమంది ఉన్న క్లాసులో కబడ్డీ ఆడేది పద్నాలుగుమంది. మిగతావాళ్ళు గట్టున కూర్చుంటారు. కాబట్టి ఇక్కడ అధ్యయనం చేసేవాళ్ళు ముందు కొలవాల్సింది టైమ్‌టేబుల్‌ను కాదు, ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లాడు ఎన్ని నిమిషాలు నిజంగా కదిలారన్నది. ముఖ్యంగా గట్టున కూర్చున్నవాళ్ళవి.