మిర్చి పూతలో నల్ల తామర పురుగు.. మన తోటల్లోకి ఎలా వచ్చింది?

చూస్తే మిర్చి తోట పచ్చగానే ఉంటుంది. పూత కూడా నిండుగా ఉంటుంది. కానీ ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద దులిపితే చాలు.. మిల్లీమీటరు పొడవున్న నల్లటి పురుగులు జలజలా రాలతాయి. కొద్ది రోజులకే ఆ పూత రాలిపోతుంది, కాయ పట్టదు. 2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో రైతులు చూసింది ఇదే.

ఈ పురుగు పేరు నల్ల తామర పురుగు. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. ఇది మన నేల పురుగు కాదు. థాయ్‌లాండ్, ఇండోనేషియా వైపు నుంచి వచ్చింది. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో గుర్తించారు. అదీ బొప్పాయి మీద! అప్పటికి మిర్చి రైతు ఊహలో కూడా లేని పురుగు ఇది. 2021 మొదట్లో గుంటూరు జిల్లా మిర్చిలో కనిపించింది. అదే ఏడాది చివరికల్లా రెండు తెలుగు రాష్ట్రాలనూ చుట్టేసింది.

పాత పురుగుకి, దీనికి తేడా ఏంటి?

మిర్చికి తామర పురుగు కొత్తేమీ కాదు. పాతది లేత ఆకుల రసం పీలుస్తుంది, దాంతో ఆకులు పైకి ముడుచుకుంటాయి. రైతులు దీన్నే పై ముడత అంటారు. నల్లి పడితే కింది ముడత. కొత్తగా వచ్చింది మాత్రం ఎక్కువగా పూలలో చేరుతోంది. రేకుల మధ్య దాక్కుంటుంది కాబట్టి మందు సరిగా తగలదు. గుడ్లు మొక్క కణజాలం లోపల ఉంటాయి. ప్యూపా దశ చాలావరకు నేలలో గడుస్తుంది. అంటే పైన ఎంత పిచికారీ చేసినా సగం సంతతి క్షేమమే! సుమారు రెండు వారాల్లో కొత్త తరం సిద్ధం. ఇంకో సంగతి.. నల్లగా ఉండేది ఆడ పురుగే, మగది పసుపు రంగులో ఉంటుంది.

మిర్చికి ఎకరానికి లక్ష రూపాయలు దాటే పెట్టుబడి. కౌలు రైతుకైతే కౌలు అదనం. ఆ భయంతోనే చాలామంది రెండు మూడు రోజులకోసారి మందు కొట్టారు, రకరకాల మందులు కలిపి కూడా కొట్టారు. దీంతో పురుగును తినే మిత్ర పురుగులు చచ్చాయి, అసలుది మాత్రం మిగిలింది. చివరికి తోటలు పీకేసి దున్నేసిన వాళ్లూ ఉన్నారు.

ఇలాంటి పురుగులు సరిహద్దులు దాటేది ఎక్కువగా మొక్కలు, పూలు, పండ్ల రవాణాతోనే. మొక్కల దిగుమతికి దేశంలో 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు అమల్లో ఉంది. కానీ ఆకు లోపల దాగిన గుడ్డు కంటికి కనిపించదు కదా. అమెరికా ఖండాల నుంచి ఆఫ్రికా మీదుగా 2018లో కర్ణాటకకు చేరిన కత్తెర పురుగు మన మొక్కజొన్నను పట్టింది. 2016లో తమిళనాడులో కనిపించిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి కొబ్బరి తోటలకు పాకింది.

అన్ని కథలూ ఒకేలా లేవు. 2008లో కోయంబత్తూరులో బయటపడ్డ బొప్పాయి పిండినల్లిని మందులు ఆపలేకపోయాయి. 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన పరాన్నజీవి కందిరీగలు ఆ పని చేశాయి.

మిర్చిలో ఏం చేయాలి?

తోటలో నీలి రంగు జిగురు అట్టలు పెట్టాలి. చుట్టూ రెండు మూడు వరసలు జొన్న గానీ, మొక్కజొన్న గానీ వేయాలి. యూరియా మోతాదు మించకూడదు. వేప నూనె, బవేరియా లాంటి జీవ శిలీంధ్రాలు మొదటి నుంచే వాడితే మేలు. సింథటిక్ పైరెత్రాయిడ్ మందుల జోలికి వెళ్లొద్దని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మల్చింగ్ షీటు పరిస్తే నేలలోకి దిగే దశకు కొంత అడ్డు పడుతుంది. పక్క చేలో పురుగు కనిపించిందని ముందే మందు కొట్టకుండా, వారానికి రెండుసార్లు పూలు దులిపి చూసుకోవాలి.