హైడ్రోజన్ ఆర్థిక వ్యవస్థ – ప్రభుత్వ విధానం: రామగుండం నేపథ్యం

బొగ్గు, చమురు, సహజ వాయువుల స్థానంలో కర్బన కాలుష్యం లేకుండా తయారైన హైడ్రోజన్‌ను ఎరువులకు, ఉక్కుకు, చమురు శుద్ధికి, రవాణాకు వాడే ఏర్పాటును హైడ్రోజన్ ఆర్థిక వ్యవస్థ అంటారు. భారత్‌లో ఇప్పటికే ఏటా 50 లక్షల టన్నుల దాకా హైడ్రోజన్ ఖర్చవుతోంది. దాదాపు అంతా సహజ వాయువు వంటి ఇంధనాల నుంచి తీసిందే, వాడకం ఎక్కువగా చమురు శుద్ధి, ఎరువుల కర్మాగారాలలోనే. కాబట్టి ప్రభుత్వ విధానం కొత్త వాడకందారులను వెతకడం కన్నా ముందు ఉన్న వాడకాన్ని మార్చాలి. ఉత్తర తెలంగాణలో అలాంటి వాడకందారు ధర్మపురికి దిగువన, గోదావరి ఒడ్డున రామగుండంలో ఉంది.

బొగ్గు నుంచి గ్యాస్‌కు

యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. భారత ఎరువుల సంస్థ రామగుండంలో సింగరేణి బొగ్గును గ్యాస్‌గా మార్చి హైడ్రోజన్ తీసే కర్మాగారం పెట్టింది. 1980లో ఉత్పత్తి మొదలైంది. ఒడిశాలోని తాల్చేరుతో పాటు దేశంలో బొగ్గు ఆధారంగా యూరియా చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. కరెంటు కోతలు, బొగ్గులోని బూడిద, మొరాయించే యంత్రాలు దాన్ని పూర్తి సామర్థ్యానికి చేరనివ్వలేదు. 1999లో మూతపడింది. స్థానికంగా దొరికే ముడిసరుకును నమ్ముకోవడం సరైన ఆలోచనే. అయితే నికరమైన కరెంటు, నిలదొక్కుకున్న సాంకేతికత తోడు లేకపోతే అది ఎంతోకాలం నిలవదని ఆ ఇరవై ఏళ్లు చూపాయి. పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి తీసే హరిత హైడ్రోజన్‌కు కూడా ఈ పాఠమే ముఖ్యం.

2015లో ఏర్పడిన రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ అదే స్థలంలో గ్యాస్ ఆధారిత కర్మాగారం కట్టింది. ఇందులో తెలంగాణ ప్రభుత్వానికీ వాటా ఉంది. కాకినాడ సమీపంలోని మల్లవరం నుంచి పైపులైన్‌లో గ్యాస్ వస్తుంది. 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది, 2022 నవంబరు 12న ప్రధాని జాతికి అంకితం చేశారు. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, 3,850 టన్నుల యూరియా దీని సామర్థ్యం.

లెక్క ఎక్కడ తేలుతుంది

2,200 టన్నుల అమ్మోనియాలో సుమారు 388 టన్నుల హైడ్రోజన్ ఉంటుంది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. అంటే రోజుకు 2 కోట్ల యూనిట్లు. పక్కనే ఎన్టీపీసీ జలాశయంపై 2022 జులైలో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం రోజుకు సగటున 5 లక్షల యూనిట్ల చుట్టూ ఇస్తుందనుకుంటే, ఈ అవసరంలో నలభయ్యో వంతు మాత్రమే తీరుతుంది.

నీటి భయం మాత్రం అక్కర్లేదు. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్కన 9 లీటర్లు చాలు, శుద్ధిలో పోయే నీటిని కలిపితే ఇంకొంత. కూలింగ్ అవసరాన్ని పక్కన పెడితే మొత్తం కర్మాగారానికీ ఏడాదికి టీఎంసీలో పదో వంతు దాటదు. ఎగువనున్న శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిల్వ సామర్థ్యం 20 టీఎంసీలు. అడ్డంకి నీళ్లు కావు, కరెంటు.

ఇంకో చిక్కు గురించి చర్చ తక్కువ. యూరియాకు అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి, టన్నుకు ముప్పావు టన్ను. ఇప్పుడది సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడే వస్తోంది. నీటి నుంచి హైడ్రోజన్ తీస్తే ఆ వాయువు రాదు. అందుకే హరిత అమ్మోనియా ముందుగా డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకే నప్పుతుంది. యూరియా కర్మాగారాన్ని మార్చాలంటే కార్బన్ డయాక్సైడ్‌కు మరో దారి చూడాలి. రామగుండంలో ఆ దారి గోడ అవతలే ఉంది: 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం పొగగొట్టాలు.

విధానాలు

జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను కేంద్రం 2023 జనవరి 4న ఆమోదించింది. కేటాయింపు రూ.19,744 కోట్లు, అందులో రూ.17,490 కోట్లు ఉత్పత్తికి, నీటిని విడగొట్టే ఎలక్ట్రోలైజర్ల తయారీకి ప్రోత్సాహకాలు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు లక్ష్యం. కిలో హైడ్రోజన్‌కు 2 కిలోల కార్బన్ డయాక్సైడ్ దాటకపోతేనే హరితంగా లెక్కిస్తారు. ఈ హద్దు స్పష్టంగా ఉండటం మేలే చేసింది.

ఈ మిషన్‌లో నా దృష్టిలో అన్నిటికన్నా పదునైన పరికరం కొనుగోలు హామీ. సౌర ఇంధన సంస్థ (సెకి) ఎరువుల కర్మాగారాల అవసరాన్ని కలిపి, ఏడాదికి 7.24 లక్షల టన్నుల హరిత అమ్మోనియాకు పదేళ్ల ఒప్పందాలతో వేలం పెట్టింది. 2025లో తొలి వేలంలో ఒడిశాలోని పారాదీప్ ఫాస్ఫేట్స్‌కు కిలో రూ.55.75 ధర తేలింది. అంతకు ముందు ఏడాది జర్మనీ మద్దతుతో నడిచే హెచ్2గ్లోబల్ వేలంలో వచ్చింది సుమారు రూ.100. పదేళ్లు సరుకు అమ్ముడవుతుందన్న భరోసా ఉంటే బ్యాంకు అప్పు చౌకగా దొరుకుతుంది, ధర దిగుతుంది.

ఆంధ్రప్రదేశ్ 2023లోనే ప్రత్యేక విధానం తెచ్చింది. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. తీరం పక్కనుండటం వాళ్లకు కలిసొచ్చింది. తెలంగాణ 2025 జనవరిలో తెచ్చిన స్వచ్ఛ, హరిత ఇంధన విధానం 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును లక్ష్యంగా పెట్టుకుంది. తీరం లేని రాష్ట్రానికి ఎగుమతి ఆశ కన్నా రామగుండం వంటి సొంత వాడకమే ఆధారం.

ధర భారం ఎవరిదన్నది వేరే ప్రశ్న. 45 కిలోల యూరియా బస్తాకు వేప పూత, పన్నులు కలిపి రైతు కట్టేది రూ.270 లోపే, మిగతాది సబ్సిడీ. 2025 వానాకాలంలో తెలంగాణలో సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు ఎదురుచూశారు. బస్తా ధర పెరిగేలాగానీ, కర్మాగారం ఆగేలాగానీ ఉండే ఏ మార్పునూ ఇక్కడ ఎవరూ ఒప్పుకోరు. అందుకే అదనపు ఖర్చును ఒక్క కర్మాగారంపై వేయకూడదు. 2015 నుంచి యూరియా కర్మాగారాలన్నిటికీ గ్యాస్ ధరను కలిపి సగటు చేస్తున్నారు. హరిత హైడ్రోజన్‌నూ ఆ సగటులోనే కలపవచ్చు.

రామగుండంలో హైడ్రోజన్ అవసరంలో 5 శాతంతో మొదలుపెడితే రోజుకు 19 టన్నుల హైడ్రోజన్, దానికి 200 మెగావాట్ల సౌర విద్యుత్తు, చిమ్నీల నుంచి 140 టన్నుల కార్బన్ డయాక్సైడ్ సరిపోతాయి. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ రోజుకు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యంత్రాన్ని ఇప్పటికే పెట్టింది.