ద్వీపాంతరం వెళ్ళిన పిల్లలు

2023 మార్చిలో పోర్ట్ బ్లెయిర్ పురపాలక మండలి అధ్యక్ష స్థానం తెలుగుదేశం పార్టీకి దక్కింది. ఇరవై నాలుగు వార్డులలో ఆ పార్టీ గెలిచినవి రెండే. భారతీయ జనతా పార్టీతో కుదిరిన పొత్తు ఫలితంగా ఎస్. సెల్వి అధ్యక్షురాలయ్యారు. ఇక్కడి రాజకీయ వర్గాలు ఈ వార్తను ఒక వింతగా చెప్పుకొని మరచిపోయాయి. నిజానికి అందులో వింత లేదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.80 లక్షలు. అందులో తెలుగు మాతృభాషగా నమోదైనవారు పదమూడు శాతం పైచిలుకు, అంటే సుమారు యాభై వేల మంది. డెలానీపూర్ వంటి పోర్ట్ బ్లెయిర్ పేటలలో ఇంత తెలుగు ఎప్పుడు, ఎలా స్థిరపడిందన్నది మన చరిత్ర పుస్తకాలు పట్టించుకోని ప్రశ్న.

వాటికి తెలిసిన అండమాన్ ఒక్కటే: జైలు. 1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ శిక్షాస్థావరాన్ని నెలకొల్పింది. మన భాషలో ఆ శిక్షకు పేరు ద్వీపాంతరం. ఇతర ప్రాంతాల వారితోపాటు మన్యం తిరుగుబాటుదారులు కూడా ఆ దారిన వెళ్ళారు. అల్లూరి సీతారామరాజు సహచరుడు గాం మల్లుదొర ఆ శిక్ష ముగించుకొని వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తిరిగి వచ్చినవారిని చరిత్ర గుర్తుపెట్టుకుంది. తిరిగి రానివారు పిల్లల్ని కన్నారు.

సత్ప్రవర్తన చూపిన ఖైదీలకు జైలు బయట సొంతంగా బతికే అనుమతి దొరికేది. అటువంటివారు మహిళా ఖైదీలను పెళ్ళాడవచ్చు. పోర్ట్ బ్లెయిర్‌లోని షాదీపూర్ పేరు వెనుక ఆ పెళ్ళిళ్ళ జ్ఞాపకమే ఉందని అంటారు. తండ్రిది ఒక ప్రాంతం, తల్లిది మరొకటి, కులాలు వేరు, కొన్నిసార్లు మతాలూ వేరు. పిల్లల నోట స్థిరపడింది మాత్రం హిందుస్తానీ. తెలుగు ఖైదీ సంతానంలో ఎందరి తెలుగు ఒక్క తరంతో ఆగిపోయిందో లెక్కకట్టిన వారు లేరు.

కనుక ఈనాటి యాభై వేల మందికి మూలం జైలు కాదు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒకసారి బర్మా వైపు చూడాలి. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలకు రంగూన్ దశాబ్దాలపాటు రెండో ఊరు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మీయులు వారిని కోరంగీలని పిలిచేవారు. ఆ వలస ప్రధానంగా మగవాళ్ళది. భార్యాబిడ్డలు ఊళ్ళోనే ఉండేవారు. మేస్త్రీ బయానా ఇచ్చి ఓడ ఎక్కిస్తే, కొన్నేళ్ళు రేవులోనో మిల్లులోనో పనిచేసి మనిషి తిరిగివచ్చేవాడు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలపై దాడులు జరిగాయి. 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు అడవి దారుల వెంట నడిచి స్వదేశం చేరారు. అరవైలలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మిగిలినవారిలోనూ ఎందరో వచ్చేశారు. విశాఖపట్నంలోని బర్మా క్యాంపు ఆ తిరుగు ప్రయాణానికి గుర్తు.

అంతటి అనుభవం చూసిన పల్లెల నుంచే స్వాతంత్ర్యానంతరం అండమాన్ ప్రయాణాలు సాగాయి. ఈసారి ఓడలో పిల్లలున్నారు. తేడా అంతా అక్కడే ఉంది. మగవాడు ఒంటరిగా వెళితే ఇల్లు స్వగ్రామంలోనే ఉన్నట్టు. పిల్లవాడి పేరు అక్కడి బడి హాజరుపట్టీలో పడ్డాక స్వగ్రామం సెలవులకు వెళ్ళే ఊరవుతుంది. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర, మూడు రోజులు. బంక్ క్లాసులో వాంతులు చేసుకునే చంటిపిల్లలతో ఆ ప్రయాణం చేసిన తల్లులకు, అది పాస్‌పోర్టు అక్కరలేని విదేశమే.

వీళ్ళను ఎవరూ పిలవలేదన్నది ముఖ్యం. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను కేంద్రం ఒక పథకం కింద తీసుకువెళ్ళింది. కుటుంబానికి పదెకరాల చొప్పున భూమి ఇచ్చింది. తెలుగువారిలో అత్యధికులు ఏ పథకం కిందా వెళ్ళలేదు. రోడ్ల పనికి, రేవు పనికి, చేపల వేటకు, కట్టడాల కూలికి వెళ్ళారు. ముందు అన్న, వెనక బావమరిది, ఆ తరువాత కుటుంబాలు. ఓటు విషయంలో మాత్రం దీవులలో అందరిదీ ఒకటే గతి: 1967 వరకు అక్కడి లోక్‌సభ సభ్యుణ్ణి రాష్ట్రపతే నామినేట్ చేసేవారు.

అయినా ప్రభుత్వం ఒక మేలు చేసింది. హిందీ, బెంగాలీ, తమిళం, ఇంగ్లీషుతోపాటు తెలుగు మాధ్యమంలోనూ దీవులలో బడులు నడిపింది. ఖైదీ బిడ్డకు దక్కని భాష కూలీ బిడ్డకు దక్కింది.

దక్కనిది వేరొకటి ఉంది. అండమాన్ నికోబార్‌కు షెడ్యూల్డు కులాల జాబితా అన్నదే లేదు. శ్రీకాకుళంలో షెడ్యూల్డు కులానికి చెందిన దంపతులు పోర్ట్ బ్లెయిర్‌లో బిడ్డను కంటే, దీవుల లెక్కలో ఆ బిడ్డకు ఆ హోదా ఉండదు. అక్కడి వెనుకబడిన తరగతుల జాబితాలో 1942కు ముందునుంచి ఉన్నవారి సంతతి, భంతూలు, మోప్లాలు, కరెన్లు, తూర్పు బెంగాల్ శరణార్థులు ఉన్నారు. శిక్షపడి వెళ్ళినవాడి మునిమనుమడికి జాబితాలో చోటుంది, కూలికి వెళ్ళినవాడి మనుమడికి లేదు. చరిత్రకు ఇంత మొరటు హాస్యం ఉంటుందని నేననుకోలేదు.

ఈ చిక్కు అండమాన్‌కే పరిమితం కాదు. దీనిపై సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో ఇచ్చిన తీర్పుకు మూలం ఒక తెలుగు పిల్లవాడి కథే. మర్రి చంద్రశేఖరరావు తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా తొమ్మిదో ఏట బొంబాయి చేరారు. వైద్యవిద్య ప్రవేశం దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న షెడ్యూల్డు తెగ హోదా మహారాష్ట్రలో చెల్లదన్నారు. కోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది: హోదా ఆ రాష్ట్రానికి సంబంధించినది, మనిషి వెంట రాదు. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్నే పునరుద్ఘాటించింది. ఒక ప్రాంతపు వెనుకబాటును బట్టి జాబితా తయారవుతుందన్న తర్కం కాదనలేనిదే. కానీ తొమ్మిదేళ్ళ పిల్లవాడు వలసను ఎంచుకోడు. తండ్రి కుటుంబాన్ని వెంట తెచ్చుకోవడమే బిడ్డ హక్కుకు అడ్డయితే, ఒంటరిగా వెళ్ళి డబ్బు పంపిన రంగూన్ కూలీయే తెలివైనవాడని ఒప్పుకోవాలి. ఈ విషయంపై పార్లమెంటులో పట్టుగా మాట్లాడిన తెలుగు సభ్యుడు ఒక్కరూ నాకు గుర్తు రావడం లేదు. వార్డులు గెలిచిన పార్టీకైనా గుర్తు రావాలి కదా.

2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌ను శ్రీ విజయపురంగా మార్చారు. ఇంగ్లీషు ఇంటిపేరులా వినిపించే డెలానీపూర్ మాత్రం అలాగే ఉంది. 2011 తరువాత జనగణన జరగలేదు, వచ్చేది 2027లో. మాతృభాష గడి దగ్గర జనగణన సూత్రం ఒకటుంది: బాల్యంలో తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే రాయాలి. బంక్ క్లాసులో వచ్చిన తల్లి విషయంలో సందేహం లేదు. ఆమె కూతురు డెలానీపూర్‌లోనే పుట్టి పెరిగి, ఇప్పుడు తన పిల్లలను బడికి సిద్ధం చేస్తూ ఉండవచ్చు. ఆ హడావుడిలో వాళ్ళను తెలుగులో కేకలేస్తుందో, హిందీలోనో, లెక్క తీసేవాడు ఆ ఇంటి గుమ్మం దగ్గర అడిగి రాసుకోవలసిందే.