వాహనాల మధ్య కాంతి సమాచారం: వాతావరణ ప్రభావం

ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, వెనుక లైట్లు కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతూ పంపే సమాచారాన్ని మరో వాహనంలోని ఫోటోడయోడ్ లేదా కెమెరా గ్రహిస్తుంది. ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి పొగమంచు. దాని సూక్ష్మ నీటి బిందువులు కాంతిని నలుదిక్కులా చెదరగొడతాయి. దృశ్యత 50 మీటర్లకు పడిపోతే, అంత దూరం వెళ్లేసరికి చెదరకుండా మిగిలే కాంతి సుమారు 2 శాతమే. దట్టమైన మంచులో దీపం రంగు మార్చినా పెద్దగా ఫలితం ఉండదు. ముందు బండి బ్రేకు వేసిందన్న కబురు అత్యవసరమయ్యేదీ అప్పుడే కనుక ఈ లోపం తీవ్రమైనది. వాన చినుకులు పెద్దవే అయినా పలచగా ఉంటాయి. మామూలు వానలో నష్టం తక్కువ. ఎండ సంకేతాన్ని తగ్గించదు, గ్రాహకాన్ని అనవసర కాంతితో ముంచెత్తుతుంది. గ్రాహకం చూపు కోణాన్ని కుదించి, ఫిల్టర్ అమర్చి దీన్ని కొంత అదుపు చేస్తారు. వాహనాల మధ్య సమాచారానికి మరో మార్గమైన 5.9 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పొడవు దాదాపు 5 సెంటీమీటర్లు. బిందువులు అంతకంటే ఎంతో చిన్నవి కనుక పొగమంచు వాటిని ఆపలేదు. అందుకే కాంతికి తోడుగా రేడియోను వాడాలన్న ప్రతిపాదన బలమైనది.