పంటల పండుగనాడు రాజద్వారములు

చాంద్రమానము ననుసరించి ఎనిమిదవ మాసమున పదునైదవ దినము కొరియా దేశీయులకు పెద్దపండుగ. దాని పేరు చుసోక్. మన పంచాంగమున అది సాధారణముగా భాద్రపద పూర్ణిమ యగును. అధికమాసములు ఇక్కడను అక్కడను ఒకే యేట రాకపోవుటచే కొన్ని సంవత్సరములలో ఆశ్వయుజ పూర్ణిమకు జరుగుచుండును. ఆ దినము కొత్తబియ్యపు పిండితో అర్ధచంద్రుని యాకృతిలో సోంగ్‌ప్యోన్ అను కుడుములు చేసి, పైన్‌చెట్టు ఆకులు పరచి ఆవిరిపై ఉడికింతురు. ఉదయమున పితరులకు నైవేద్యమిడి, పిమ్మట వారి సమాధులకడ కేగి మ్రొక్కుదురు. ఆ పున్నమి మరునాడే మహాలయపక్షము పాటించు మనకు ఈ పండుగ అంత పరాయిదిగా తోచదు.

ఇటీవలి సంవత్సరములలో ఈ సెలవుదినములందు సియోల్ నగరములోని నాలుగు ప్రాచీన రాజప్రాసాదములు, రాజవంశీయుల పితృదేవాలయమైన జోంగ్‌మ్యో, రాజుల సమాధివనములు జనులందరికి ఉచితముగా తెరచి యుంచుచున్నారు. తక్కిన దినములలోని ప్రవేశ రుసుము స్వల్పమే. అది లేనంతమాత్రమున ఏమి విశేషమని యెవరైన అడుగవచ్చును. ఆ ద్వారములు పూర్వము ఎవరికొరకు, ఎవరిచేత, ఎట్లు తెరువబడినవో తెలిసినగాని ఆ విశేషము బోధపడదు.

చుసోక్‌ను గూర్చిన ప్రాచీన కథయే ఒక రాజాజ్ఞతో ఆరంభమగును. 1145లో సంకలితమైన ‘సాంగుక్ సాగి’ అను చరిత్ర గ్రంథము చెప్పిన ప్రకారము క్రీ. శ. 32లో శిల్లా రాజైన యూరి, రాజధానిలోని ఆరు విభాగముల స్త్రీలను రెండు పక్షములుగా చేసి, రాజకుమార్తెల నిరువురను వారికి నాయికలుగా నియమించెను. ఏడవ మాసము పదునారవ దినము మొదలుకొని నెలనాళ్లు వారు ప్రతి దినము ఒక ప్రాంగణమున గూడి పొద్దుపోవువరకు నార నేయవలెను. పున్నమినాడు లెక్క చూచి, ఓడినవారు గెలిచినవారికి విందు చేయవలెను. ఆటపాటలతో జరిగిన ఆ విందునకు ‘గబే’ అని పేరు. పదునొకండు శతాబ్దముల తరువాత వ్రాసిన కథ గనుక సంవత్సరమును అక్షరాల నమ్మవలసిన పని లేదు. కాని ఒక దొరగారి పిలుపుపై సామాన్య స్త్రీలు ఒక ప్రాంగణమున గూడిరన్న జ్ఞాపకము ఆ పండుగ మూలముననే యున్నది.

సియోల్‌లోని ప్రాసాదములలో మొదటిది గ్యోంగ్‌బొక్‌గుంగ్. 1392లో జోసొన్ రాజ్యము స్థాపించిన తేజో దానిని 1395లో కట్టించెను. అది ప్రజలు అడుగిడదగిన చోటు కాదు. 1592లో జపాను సేనలు దండెత్తి రాగా సొంజో రాజు నగరము విడిచి ఉత్తరమునకు తరలిపోయెను. ప్రాసాదము భస్మమైనది. నిప్పు పెట్టినవారెవరన్న విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. తమ్ము విడిచిపోయిన రాజుపై కోపించిన జనులే పెట్టిరని, బానిసల పట్టీలున్న కార్యాలయమును గూడ వారే తగులబెట్టిరని ఒక కథనము కలదు. అదే నిజమైనచో, ప్రజలు ఆ రాజద్వారమును దాటుట కాగడాలతోనే జరిగినదన్నమాట.

తరువాత రెండువందల డెబ్బది యేండ్లకు పైగా ఆ స్థలము పాడుపడి యుండెను. బాలుడైన గోజోంగ్ రాజు తండ్రి దేవన్‌గున్, 1865లో పునర్నిర్మాణమునకు పూనుకొనెను. ధనము చాలలేదు. ‘స్వచ్ఛంద విరాళము’లని పేరు పెట్టి బలవంతముగా వసూలు చేసిరి, నగరద్వారములకడ సుంకము విధించిరి. అదియు చాలక 1866లో నూరు కాసుల విలువ గలదని చెప్పి ఒక పెద్ద నాణెము ముద్రించిరి. దానిలోని లోహము ఆ విలువలో పదవవంతైనను చేయదు. ఫలితము ఊహింపదగినదే: బియ్యము ధర ఆకసమునంటెను. సామాన్యుని వంటపొయ్యిపై పన్ను వేసి కట్టిన నగరు అది. నేడు ఉచితముగా చూచుచున్న వారి ముత్తాతలు రుసుము ఏనాడో ముందుగనే చెల్లించిరని నేననుకొందును.

అటుపిమ్మటి కథ విషాదకరము. 1895లో ఆ ప్రాసాదమునందే జపానీయులు రాణిని హత్య గావించిరి. 1910లో దేశమునే తమ సామ్రాజ్యమున కలుపుకొనిరి. అంతకు ముందు ఏడాది, 1909లో, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్ అను మరియొక ప్రాసాదమున జంతుప్రదర్శనశాల, వృక్షవాటిక ఏర్పడినవి. కొరియాలో తొలి ఆధునిక మ్యూజియము జనులకు తెరచినదియు ఆ యేటనే, ఆ యావరణముననే. 1484లో సొంగ్‌జోంగ్ రాజు వితంతువులైన ముగ్గురు వృద్ధ రాణుల నివాసమునకై కట్టించిన నగరది. అక్కడ బోనులు పెట్టి, చెర్రీచెట్లు నాటి, 1911లో పేరునుండి ‘ప్రాసాద’ శబ్దమును తొలగించి ‘ఉద్యాన’ శబ్దమును చేర్చిరి. ప్రజలకు వినోదము కలిగినమాట నిజమే. ఆ వినోదముననే రాజవంశపు గౌరవము హరించిపోయెను. తలుపు తెరచుట యెల్లప్పుడు ఔదార్యము కాదు.

గ్యోంగ్‌బొక్‌గుంగ్‌లో అనేక భవనములు పడగొట్టి 1915లో పారిశ్రామిక ప్రదర్శనము జరిపిరి. 1926లో సింహాసన మందిరమునకు ఎదుట గవర్నర్ జనరల్ కార్యాలయమనెడి పెద్ద రాతికట్టడము నిలిపి, ముఖద్వారమైన గ్వాంగ్‌హ్వామున్‌ను ప్రక్కకు తరలించిరి. కొరియా యుద్ధమున దాని కొయ్యభాగము కాలిపోయెను. 1968లో కాంక్రీటుతో తిరిగి కట్టిన ద్వారమును, 2010లో కొయ్యతో పూర్వస్థానమున పునరుద్ధరించిరి. చాంగ్‌గ్యోంగ్‌గుంగ్‌లోని జంతువులను 1980వ దశకమున నగరపు వెలుపలికి పంపి పాతపేరు మరల పెట్టిరి.

నేటి సందర్శకునకు ఇంకొక సౌకర్యము కలదు: హన్‌బొక్ అను జాతీయ వేషము ధరించి వచ్చినవారికి పండుగ కాని దినములలోను ప్రాసాద ప్రవేశము ఉచితము. చాంగ్‌డొక్‌గుంగ్ వెనుకనున్న రాజోద్యానమునకు మాత్రము పండుగ వెసులుబాటు వర్తింపదు. అచ్చటికి ప్రత్యేకముగా చీటీ కొనవలెను. జాతీయ మ్యూజియము శాశ్వత ప్రదర్శనమునకు 2008లోనే రుసుము తీసివేసిరి.

ఆ మ్యూజియము 1986లో చేరినది పైన చెప్పిన గవర్నర్ జనరల్ భవనమునందే. దేశపు ప్రాచీన సంపదను పరాయి పాలకుని కచ్చేరీలో చూడవలసి వచ్చుట పలువురకు రుచింపలేదు; మంచి కట్టడమును పడగొట్టుట వ్యర్థమని వాదించినవారును లేకపోలేదు. విముక్తి దినమునకు ఏబది యేండ్లు నిండిన 1995 ఆగస్టు 15న కూల్చివేత ఆరంభమయ్యెను. మ్యూజియము 2005లో, ఒకప్పుడు విదేశ సైన్యములకు విడిదియైన యోంగ్సాన్ ప్రాంతమునకు మారినది. ఆ భవన శిఖరమును చొనాన్ పట్టణమునకు తీసికొనిపోయి, స్వాతంత్ర్య స్మారకశాల ఆవరణమున నేలమట్టమునకు దిగువగా నిలిపిరి. చూడవచ్చినవారు దానిని పైనుండి క్రిందికి చూతురు. అక్కడను ప్రవేశ రుసుము లేదు.