కడలి తెచ్చిన కలప

వరదగోదావరిలో కొట్టుకొనివచ్చు దుంగలను ఒడ్డునకు లాగుటకై పడవవారు ప్రాణములకు తెగించుట మన లంకవాసులు చిరకాలముగా చూచుచున్నదే. నీటిపై తేలి వచ్చిన మ్రాను కంటబడినంతనే మనుజునకు రెండు ప్రశ్నలు తోచును: ఇది యెక్కడిది? ఇది యెవరిది? మొదటిదానికి పురాణమును, ఆ పిమ్మట శాస్త్రమును, రెండవదానికి ధర్మశాసనమును బదులు చెప్పబూనినవి.

ఋగ్వేదము పదవ మండలమునందలి 155వ సూక్తము అలక్ష్మిని పారద్రోలుటకై చెప్పబడినది. నీటి యొడ్డున మనుష్యుడెవడును లేక తేలుచున్న యొక దారువును పట్టుకొని దూరమునకు పొమ్మని అందామెను శాసింతురు. పదునాల్గవ శతాబ్దిలో విజయనగర ప్రభువుల యాశ్రయమున వేదభాష్యము రచించిన సాయణాచార్యులు ఆ దారువును పురుషోత్తమ మూర్తిగా వ్యాఖ్యానించిరి. అలక్ష్మిని మోసికొని పోవలసిన దిక్కులేని మొద్దు లక్ష్మీపతియే యగుట చిత్రమైన పరిణామము. ఇంద్రద్యుమ్న మహారాజునకు పూరీతీరమున లభించిన దారువునుండియే జగన్నాథ మూర్తులు రూపొందినవని స్థలపురాణము; చితిలో కాలక మిగిలిన శ్రీకృష్ణుని దేహశేషమే ఆ దారువై కొట్టుకొనివచ్చెనని వేరొక ఐతిహ్యము.

అడవులు సమృద్ధిగా గల దేశమున దైవమైన ఈ కలప, అడవులు లేనిచోట జీవనాధారమైనది. క్రీ.శ. 874 ప్రాంతమున నార్వేనుండి ఐస్‌లాండునకు వలసవచ్చిన ఇంగోల్ఫర్ ఆర్నార్సన్, తన గృహపీఠపు స్తంభములను కడలిలోనికి విసరి, అవి ఒడ్డు చేరినచోటనే కాపురముందునని ప్రతినబూనెననియు, వానిని వెదకి పట్టుటకు అతని దాసులకు మూడేండ్లు పట్టెననియు, ఆ తావే నేటి రాజధాని రేక్యవిక్ అనియు ఆ దేశపు ప్రాచీనగ్రంథములు చెప్పుచున్నవి. అచటి పొట్టి భూర్జవృక్షములు బొగ్గునకును గొఱ్ఱెలమేతకును ఆహుతియైపోగా, దూలములకును పడవలకును కడలి తెచ్చిన కలపయే శరణ్యమయ్యెను.

కావున దానిపై హక్కు శాసనవిషయమయ్యెను. 1281లో ఐస్‌లాండు శాసనసభయైన ఆల్తింగ్ యంగీకరించిన యోన్స్‌బోక్ ధర్మశాస్త్రమునందు తీరమునకు చేరు కలపను గూర్చి ప్రత్యేకాధ్యాయము కలదు. నేల యొకనిదియు, దాని యొడ్డున చేరు కలపపై హక్కు మఱియొకనిదియు కావచ్చును; బిషప్పుల పీఠములును మఠములును ఇట్టి హక్కులను దూరతీరములందు కూడబెట్టెను. ప్రతి హక్కుదారునకును తనదైన గుర్తు ఉండెడిది. కెరటములు బెరడు నొలిచి, మంచు కొనలను అరగదీసి, ఎండ వెండివన్నె దిద్దిన దుంగపై గొడ్డలితో ఆ గుర్తు చెక్కినచో, కడలి దానిని మరల లాగికొనిపోయి పరుల తీరమున పడవైచినను స్వామ్యము చెడదు.

ఇంక అది యెక్కడిదన్న ప్రశ్నకు సమాధానము ఉత్తరసముద్రమున దొరకెను. చెట్టు మిక్కిలి అరుదైన గ్రీన్‌లాండున, ఒడ్డునకు చేరిన కలపముక్కలను సీలు తోలుపట్టీలతో బిగించి కయాకుల చట్రములు కట్టుకొన్న ఇన్యూట్ జనులు ఏ యడవి ధర్మమున బ్రదికిరో, నార్వే దేశపు ధ్రువాన్వేషకుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్ విచారించెను. 1881లో సైబీరియాకు ఉత్తరమున మంచునడుమ నలిగి మునిగిన జానెట్ అను అన్వేషణనౌకలోని వస్తువులు 1884లో గ్రీన్‌లాండు నైరృతితీరమున దొరకినవి. ఆ తీరపు దుంగలును సైబీరియా వృక్షజాతులకు చెందినవే. ఈ సాక్ష్యములను నమ్మి ఆయన 1893లో ఫ్రామ్ నౌకను బుద్ధిపూర్వకముగ మంచులో చిక్కించెను. 1896లో ఆ నౌక ప్రవాహవశమున కదలి స్పిట్స్‌బర్గెన్ దీవి దాపున బయటపడెను. యెనిసెయి, లేనా మున్నగు నదుల వసంతపు వరదలు గట్టులను కోసి పెకలించిన మ్రాకులే, మనుష్యులు నరికి తెప్పలుగా విడువగా జాఱిపోయిన దుంగలతో గూడి, ఇట్లు సముద్రమును దాటుచుండెనని స్పష్టమయ్యెను.

అయితే మ్రాను స్వయముగా అంతదూరము తేలజాలదు. నీరు పీల్చి కొలది కాలముననే మునుగును. ప్రయాణమునకో సంవత్సరములు పట్టును. మంచుఫలకములలో ఘనీభవించి, వానిపై సవారియై వచ్చినదే ఒడ్డు చేరును. అందుచేతనే గ్రీన్‌లాండు పురాతనతీరములందు దొరకు వేలయేండ్లనాటి దుంగల వయస్సును లెక్కించి, ఏ యుగమున మంచు ఎంత విస్తరించెనో శాస్త్రజ్ఞులు నిర్ణయించుచున్నారు. నేడు ఆ మంచు ఏటేట తఱుగుచున్నది. సైబీరియా అడవులు యథాతథముగ నిలిచినను, ఐస్‌లాండు శాసనములు రక్షించిన హక్కులు చెక్కుచెదరకున్నను, మోసికొని వచ్చు మంచు కరువైనచో, రాబోవు తరములకు ఆ హక్కుపత్రములు మిగులునే కాని గుర్తు చెక్కుటకు దుంగ మిగులదు.